ఆ ఒక్క అంకె మీ కంట పడుతుందా?

మాణికేశ్వర్ నగర్‌లో గది. పొద్దున్నే చాయ్ తాగి, ఉస్మానియా క్యాంపస్ మీదుగా నడుచుకుంటూ తార్నాక చౌరస్తా. అక్కడ మెట్రో ఎక్కితే హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, ఉప్పల్. మీలో చాలామందికి ఇది రోజూ తిరిగే దారే. ఈ దారిలో కనిపించే బోర్డుల్ని ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ... ఉప్పల్‌లో దిగి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే సీడీఎఫ్‌డీ. 'జెనెటిక్స్ చదివాం సార్, ఉద్యోగాలెక్కడ?' అని అడిగేవాళ్లలో సగం మంది ఈ గేట్ల ముందు నుంచే రోజూ కోచింగ్ సెంటర్లకు వెళ్లొస్తుంటారు.

ఇవాళ కొలువుల జాబితా ఇవ్వడం లేదు. ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఆప్టిట్యూడ్ పేపర్లో వచ్చేదానికంటే తేలికైందే.

ఐదు నెలల బాబు. నెల రోజుల్లో రెండోసారి న్యుమోనియా. నోట్లో తెల్లటి పూత ఎన్ని మందులు వేసినా తగ్గడం లేదు. బరువు పెరగడం ఆగిపోయింది. రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. తెల్ల రక్తకణాలు 6,000. వాటిలో లింఫోసైట్లు 20 శాతం. అంటే ఎన్ని? 1,200. రిపోర్టులో పక్కనే ముద్రించిన నార్మల్ రేంజ్ చూస్తే 1,000 దాటింది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు. ల్యాబ్ టెక్నీషియన్ సంతకం పెట్టేశాడు. తల్లిదండ్రులు 'నార్మలేనంట' అనుకుని ఇంటికెళ్లారు.

తప్పెక్కడ జరిగింది? ఆ రేంజ్ పెద్దవాళ్లది. నెలల పిల్లల్లో లింఫోసైట్లు మనకంటే చాలా ఎక్కువుంటాయి. 3,000 కంటే తగ్గాయంటేనే అనుమానించాలి. 1,200 అంటే గంట మోగాల్సిన అంకె. ఈ బాబు నేను ఊహించి చెప్పినవాడే గానీ, ఇలాంటి రిపోర్టు ఏ ఊళ్లోనైనా, ఏ ల్యాబ్‌లోనైనా మీ చేతికి రావచ్చు. ఆ ఒక్క అంకెను పట్టుకోవడం మీదే ఒక బిడ్డ ప్రాణం ఆధారపడి ఉండొచ్చు.

పుట్టుకతోనే సైన్యం లేకపోతే

ఆ జబ్బు పేరు సివియర్ కంబైన్డ్ ఇమ్యునో డెఫిషియెన్సీ. అందరూ స్కిడ్ అనేస్తారు. రోగనిరోధక శక్తిని నడిపించే టి కణాలు తయారే కావు. అవి లేకపోతే బి కణాలు ఉన్నా పనిచేయలేవు. కారణం జన్యువులోని లోపం. హెచ్‌ఐవీలాగా బయటి నుంచి అంటుకునేది కాదు. వైద్యం అందకపోతే ఈ పిల్లల్లో ఎక్కువమంది మొదటి పుట్టినరోజు, మహా అయితే రెండోది చూడకుండానే పోతారు.

ఇలా వంశపారంపర్యంగా వచ్చే రోగనిరోధక లోపాలు ఒకటీ రెండూ కావు. అంతర్జాతీయ నిపుణుల సంఘం 2022లో ప్రకటించిన వర్గీకరణలో 485 ఉన్నాయి. విడివిడిగా ప్రతి ఒక్కటీ అరుదు. స్కిడ్‌నే తీసుకోండి. అమెరికాలో నవజాత శిశువులందరికీ పరీక్ష చేసి చూస్తే సుమారు 58,000 మందికి ఒకరు తేలారు. దగ్గరి సంబంధాలు ఎక్కువగా చేసుకునే సమాజాల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది.

అరుదు కాబట్టే సమస్య. పిల్లాడికి మాటిమాటికీ జబ్బు చేస్తోందంటే మన దగ్గర ముందు గుర్తొచ్చేది పోషకాహార లోపం. అది తప్పేం కాదు, చాలాసార్లు అదే నిజం. తిండి సరిగా లేకపోయినా రోగనిరోధక శక్తి పడిపోతుంది. కానీ ఆ గుంపులో అసలైన జన్యులోపం ఉన్న బిడ్డ కలిసిపోతాడు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగుసార్లు చెవిపోటుతో చీము, రెండు నెలలు యాంటీబయాటిక్స్ వాడినా గుణం లేకపోవడం, లోపలి అవయవాల్లో చీముగడ్డలు, ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డలు పోయిన చరిత్ర... ఇలాంటివి కనిపిస్తే 'బలం టానిక్' రాసి పంపకూడదు, ఇమ్యూనిటీ పరీక్ష చేయించాలి.

ఆలస్యం ఖరీదు ఎంతో చెప్పే లెక్క ఒకటుంది. ఉత్తర అమెరికాలో 2000 నుంచి 2009 మధ్య మూలకణ మార్పిడి చేసిన 240 మంది స్కిడ్ పిల్లల వివరాలు 2014లో వెలువడ్డాయి. మూడున్నర నెలల వయసులోపే మార్పిడి జరిగినవాళ్లలో ఐదేళ్ల తర్వాత 94 శాతం మంది బతికే ఉన్నారు. ఆ వయసు దాటి, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండగా మార్పిడి చేయాల్సి వచ్చినవాళ్లలో? 50 శాతం. జబ్బు అదే, వైద్యమూ అదే. తేడా అల్లా ఎప్పుడు కనిపెట్టారన్నదే.

ప్లాస్టిక్ బుడగలోని పిల్లాడు

ఈ జబ్బును ప్రపంచానికి తెలిసేలా చేసింది డేవిడ్ వెట్టర్ జీవితం. 1971 సెప్టెంబర్ 21న అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టాడు. అంతకుముందు పుట్టిన అన్న ఇదే జబ్బుతో పసితనంలోనే పోయాడు. అందుకే డాక్టర్లు డేవిడ్‌ను పుట్టిన క్షణాల్లోనే సూక్ష్మక్రిములు లేని ప్లాస్టిక్ గదిలోకి చేర్చారు. ఆట, చదువు, తిండి అన్నీ అందులోనే. 12 ఏళ్ల వయసులో అక్క మూలుగను ఎక్కించారు. అందులో దాగి ఉన్న ఒక వైరస్‌ను అప్పటి పరీక్షలు పట్టుకోలేకపోయాయి. అదే క్యాన్సర్‌గా మారింది. 1984 ఫిబ్రవరి 22న చనిపోయాడు. ఆ రోజుల్లో ఆ జన్యువు పేరు కూడా ఎవరికీ తెలియదు. దాన్ని కనిపెట్టింది 1993లో.

ఇప్పుడైతే పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ మీద చిన్నగా గుచ్చి, రక్తపు చుక్కను ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టి, పీసీఆర్ చేస్తే చాలు. టి కణాలు తయారయ్యేటప్పుడు జన్యువు ముక్కలై మళ్లీ అతుక్కుంటుంది. అప్పుడు మిగిలిపోయే గుండ్రటి డీఎన్‌ఏ తునకల్ని ట్రెక్ అంటారు. అవి లేవంటే టి కణాలు తయారవడం లేదన్నమాట. అమెరికాలో 2008లో విస్కాన్సిన్ రాష్ట్రం ఈ పరీక్ష మొదలుపెట్టింది. పదేళ్లలో అన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది చేసే జాతీయ కార్యక్రమం ఇంకా లేదు. కరోనా పుణ్యమా అని ఆర్‌టీ పీసీఆర్ యంత్రాలు జిల్లాలదాకా వచ్చాయి, వాటిని నడపడం వచ్చిన కుర్రాళ్లూ తయారయ్యారు. అవసరం, పరికరం, మనుషులు మూడూ ఉన్నచోట రేపు ఏం మొదలవుతుందో మీరే ఊహించుకోండి.

రీజనింగ్ ఇష్టమైతే ఇదిగో

అనుమానం వచ్చాక అసలు పని ఫ్లో సైటోమెట్రీ యంత్రం దగ్గర. రక్తకణాలకు రంగులద్దిన యాంటీబాడీలు అంటించి, లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపి లెక్కపెడతారు. సీడీ3 ఉంటే టి కణం, సీడీ19 ఉంటే బి కణం, సీడీ56 ఎన్‌కే కణం. టి, ఎన్‌కే రెండూ లేక, బి మాత్రం ఉంటే? అబ్బాయైతే ఎక్స్ క్రోమోజోమ్ మీది ఐఎల్2ఆర్‌జీ జన్యువును ముందు అనుమానించాలి. మూడూ లేకపోతే ఏడీఏ అనే ఎంజైమ్ లోపం. టి, బి లేక ఎన్‌కే ఒక్కటే ఉంటే ర్యాగ్ జన్యువుల వైపు చూడాలి. సీటింగ్ అరేంజ్‌మెంట్ ప్రశ్నలు చేసే బుర్రకు ఇదేం పెద్ద పని కాదు.

కానీ యంత్రం చెప్పిందల్లా నమ్మేస్తే దెబ్బతింటారు. కడుపులో ఉన్నప్పుడు తల్లి టి కణాలు కొన్ని బిడ్డలోకి వస్తాయి. బిడ్డకు సొంత సైన్యం లేదు కాబట్టి వాటిని తరిమేసేవాళ్లు ఉండరు. అవి అక్కడే పెరుగుతాయి. రిపోర్టులో టి కణాలు కనిపిస్తాయి, 'ఉన్నాయిగా' అనిపిస్తుంది. అవి తల్లివా, బిడ్డవా అని ఇంకో పరీక్షతో తేల్చాలి. ఇంకో చిక్కు, ఇవి బతికున్న కణాలతో చేసే పరీక్షలు. నల్లకుంట నుంచి వచ్చిన శాంపిల్‌కీ, ఎండలో బస్సు డిక్కీలో ఆదిలాబాద్ నుంచి వచ్చినదానికీ చాలా తేడా ఉంటుంది. శాంపిల్ ఎప్పుడు తీశారు, ఎలా వచ్చింది అని అడిగే టెక్నీషియన్‌కు ఉన్న విలువ యంత్రానికి లేదు.

అన్నీ స్కిడ్ అంత తీవ్రం కావు. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు ఎనిమిదేళ్ల బాబులో గుర్తించిన జబ్బులో బి కణాలు, యాంటీబాడీలు ఉండవు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు మొదటి ఆరు నెలలు కాపాడతాయి కాబట్టి ఆ తర్వాతే ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి. నోరు తెరిపించి చూస్తే టాన్సిల్స్ దాదాపు కనిపించవు. ఖర్చు లేని పరీక్ష! ఇక క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్‌లో న్యూట్రోఫిల్స్ క్రిముల్ని మింగుతాయి గానీ చంపలేవు. డీహెచ్‌ఆర్ అనే రంగు వేస్తే మామూలు కణం మెరుస్తుంది, ఈ పిల్లల కణం మెరవదు.

'నీ పుట్టింటి జబ్బే!'

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కష్టమైన ఉద్యోగం జెనెటిక్ కౌన్సెలర్‌ది. యంత్రం ఉండదు. ఒక కాగితం, పెన్ను, ఎదురుగా కూర్చున్న కుటుంబం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం గీస్తూ మూడు తరాల వంశవృక్షం వేయాలి.

'అమ్మా, మీ అన్నదమ్ముల్లో చిన్నప్పుడే పోయినవాళ్లున్నారా? మీ అమ్మగారి అన్నదమ్ముల్లో?' ఈ ఒక్క ప్రశ్నతో కేసు తేలిపోయిన సందర్భాలుంటాయి. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న లోపం తల్లిలో బయటపడదు, ఆమె వాహకురాలు. ఆమెకు పుట్టే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి ఆడబిడ్డ వాహకురాలయ్యే అవకాశం సగం. అందుకే ఈ జబ్బు మేనమామల వరుసలో కనిపిస్తుంది. 'మా తమ్ముడు ఏడో నెలలో జ్వరమొచ్చి పోయాడు, దిష్టి తగిలిందన్నారు' అని ఆ తల్లి మెల్లగా చెబుతుంది. కౌన్సెలర్ ఆ చతురస్రం మీద ఒక గీత గీస్తాడు.

ఆ గీతతో పని అయిపోదు, అసలు పని అక్కడే మొదలవుతుంది. పక్కనే కూర్చున్న అత్తగారు 'చూశావా, నీ పుట్టింటి నుంచే వచ్చింది' అంటే? జన్యువులు ఎవరి తప్పూ కాదని, ఈ లోపం కొన్నిసార్లు తల్లిలో లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడుతుందని, రిపోర్టు రాకముందు ఎవర్నీ ఏమీ అనొద్దని ఆ గదిలోనే, ఆ భాషలోనే, ఆ అత్తగారి మనసూ నొచ్చుకోకుండా చెప్పాలి. ఆ మాటలు ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలో ఉండవు. మంచి తెలుగు, ఇంటి వరుసలు తెలిసి ఉండటం ఇక్కడ నిజంగా అర్హతే.

మేనరికాల సంగతీ అంతే. మేనత్త, మేనమామ పిల్లల మధ్య జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అయితే సొంత వరుస చేసుకోని ఇళ్లలోనూ ఇది రావచ్చు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ బృందం కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన 81 సమూహాల్లో ఆ ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కనాజీ యూదుల్లో కంటే బలంగా ఉందని తేల్చింది. అంటే మన సమూహాల్లో ఏ లోపం ఎక్కడ దాగి ఉందో వెతికి పట్టే పని ఇంకా బోలెడు మిగిలే ఉంది. ఆ పని చేసే ప్రయోగశాల మీ మెట్రో స్టేషన్ పక్కనే ఉంది.

రిపోర్టుల్లో మరో తలనొప్పి. బిడ్డ డీఎన్‌ఏలో ఒక మార్పు కనిపించింది. అది జబ్బు తెచ్చేదా, ఊరికే ఉన్న తేడానా? అంతర్జాతీయ పద్ధతిలో దీన్ని ఐదు మెట్లుగా వర్గీకరిస్తారు. నడిమెట్టు 'ఏమిటో తేలలేదు'. ఇన్నాళ్లూ పోల్చి చూసుకోవడానికి ఉన్న డేటా ఎక్కువగా యూరప్ మూలాలవాళ్లది కావడంతో మన పిల్లల రిపోర్టులు ఆ మెట్టు మీదే ఆగిపోయేవి. 10,000 మంది భారతీయుల పూర్తి జన్యుక్రమాల జీనోమ్ ఇండియా డేటా 2025 జనవరిలో అందుబాటులోకి వచ్చింది. కోడింగ్ వచ్చిన బయాలజీ విద్యార్థికి ఇక్కడ చేతినిండా పని.

భీమవరం నుంచి ఓ మందు

వైద్యం సంగతి. బ్రూటన్ చెప్పిన జబ్బుకు వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను మూడు, నాలుగు వారాలకోసారి ఎక్కించాలి, జీవితాంతం. కిలో బరువుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు. పిల్లాడు ఎదిగేకొద్దీ డోసూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. బరువు పెరిగాడని తల్లి సంతోషించాలో బెంగపడాలో తెలియని వైద్యం ఇది.

స్కిడ్‌కు మూలకణ మార్పిడి. తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ సరిపోయే అవకాశం 25 శాతం. లేకపోతే సగం సరిపోయే తండ్రి లేదా తల్లి, అదీ కాకపోతే రిజిస్ట్రీలోని దాత. ఎక్కించిన కణాలు బిడ్డ శరీరం మీదే దాడి చేయకుండా ఆపడానికి చాలా కేంద్రాల్లో వాడే మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. అది పుట్టింది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో నడిపించిన పరిశోధనలోంచే. ఆయన 1948లో చనిపోయేనాటికి ఈ మార్పిడులే లేవు. స్కిడ్ బిడ్డకు మొదటి విజయవంతమైన మార్పిడి జరిగింది 1968లో.

మార్పిడి జరిగేదాకా బిడ్డను కాపాడుకోవడం మరో యుద్ధం. రక్తం ఎక్కించాల్సి వస్తే దానికి ముందే రేడియేషన్ ఇవ్వాలి. లేకపోతే దాత కణాలే బిడ్డను చంపగలవు. బ్లడ్ బ్యాంక్‌లో పనిచేసే టెక్నీషియన్‌కు తెలిసి ఉండాల్సిన విషయమిది. బీసీజీ లాంటి సజీవ టీకాలు ఈ పిల్లలకు ప్రమాదం. ఇది చదివి ఎవరూ టీకాలు మానేయొద్దు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి బిడ్డకూ అవి తప్పనిసరి. ఇంట్లో ఇప్పటికే ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే, తర్వాతి బిడ్డకు పరీక్ష చేసి తేల్చేదాకా సజీవ టీకాలు ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెబుతారు.

డబ్బు మాటేంటి? గ్రూప్స్‌కు చదివేవాళ్ల నోట్సులో 'జాతీయ అరుదైన వ్యాధుల విధానం, 2021' అని ఒక బిట్ ఉంటుంది కదా, దాని అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఒక్కసారి వైద్యంతో నయమయ్యే జబ్బులను ఆ విధానం మొదటి గ్రూపులో పెట్టింది. స్కిడ్, క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, విస్కాట్ ఆల్డ్రిచ్ సిండ్రోమ్ అందులోవే. ముందు 20 లక్షలుగా ఉన్న సాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు. అది ఎంపిక చేసిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌ల ద్వారానే అందుతుంది. దేశంలో మొదట గుర్తించిన ఎనిమిదింటిలో మన హైదరాబాద్‌దీ ఉంది. నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీ.

మీరెక్కడ దూరొచ్చు?

బీఎస్సీ ఎంఎల్‌టీ చేసినవాళ్లకు ఫ్లో సైటోమెట్రీ, హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ ల్యాబులు. ఎమ్మెస్సీ జెనెటిక్స్, బయోటెక్ వాళ్లకు సీక్వెన్సింగ్, వేరియంట్ అనాలిసిస్. ఉస్మానియాలో ఎమ్మెస్సీకి సీపీగెట్ రాయాలి. పరిశోధనకైతే సీఎస్‌ఐఆర్ నెట్, డీబీటీ వాళ్ల బెట్ లాంటి పరీక్షలు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. నెట్ లేనివాళ్లు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వెబ్‌సైట్లలో పడే ప్రాజెక్టు పోస్టుల నోటిఫికేషన్లు చూస్తుండాలి. ఇవి తాత్కాలికమే, గ్రూప్-2 ఉద్యోగంలాంటి భరోసా ఉండదు. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పేయండి. కానీ రెండేళ్లు అక్కడ పనిచేసిన చేతికి బయట గిరాకీ ఉంటుంది. వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు చేస్తే 'సర్టిఫైడ్ జెనెటిక్ కౌన్సెలర్' అయిపోతారనే ప్రకటనల జోలికి మాత్రం పోకండి. కౌన్సెలింగ్‌కు ఆస్పత్రిలో కుటుంబాలతో కూర్చుని నేర్చుకున్న శిక్షణ కావాలి. కడుపులో బిడ్డకు చేసే పరీక్షల దగ్గర 1994 నాటి పీఎన్‌డీటీ చట్టం ఉంది. కౌన్సెలింగ్ కేంద్రానికి దాని కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పొరపాటు జరిగితే ఉద్యోగం పోవడంతో ఆగదు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారంటారా? పీసీఆర్ స్టెప్పులు అందరూ అప్పజెబుతారు. ఐదు నెలల బిడ్డ రిపోర్టు ఇచ్చి 'ఇందులో నీకేం కనిపిస్తోంది?' అంటే శాతాన్ని సంఖ్యగా మార్చి చూసేవాళ్లు తక్కువ. ఇవాళే మీ ఇంట్లో ఉన్న ఏదైనా పాత రక్తపరీక్ష కాగితం తీసి ఆ గుణకారం చేసి చూడండి. ల్యాబ్ లోపల ఎలా ఉంటుందో చూడాలనుంటే, సెప్టెంబర్ 26 సీఎస్‌ఐఆర్ ఆవిర్భావ దినం. ఆ సందర్భంగా సీసీఎంబీ లాంటి సంస్థలు సందర్శకుల కోసం ఓపెన్ డే పెడుతుంటాయి. తేదీ, వేళలు ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. కాలేజీ ఐడీ కార్డు జేబులో పెట్టుకుని, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌లో దిగండి.